జతకు పెట్టుకున్న రాయి

నాది పుట్టుకతోనే అనుమానపు బుద్ధి. నాందేడ్ ఇత్వారా బజారులో మూడు తరాలుగా కిరాణా దుకాణం నడిపిన ఇంట్లో పుట్టినవాడికి అది ఉగ్గుతోపాటే వస్తుంది. పాలల్లో వేలు ముంచి చూడనిదే పాలవాణ్ణి కదలనిచ్చేవాణ్ణి కాదు. "అనుమానం పెనుభూతం రా అంబాదాసూ" అని మా అమ్మ రోజూ తిట్టేది. ఆమె మాట ఎంత నిజమో తెలుసుకోవడానికి నాకు ఒక్క చలికాలం చాలింది.

అది 1938 డిసెంబరు. హైదరాబాదులో కాలేజీకి సెలవులిచ్చారు. నేనూ, నా స్నేహితుడు నందకిషోరూ రైలు దిగి నాందేడ్ చేరేసరికి ఊళ్ళో పత్తి దిగుతోంది. ఏ వీధిలో చూసినా ఎడ్లబండ్ల వరస. గాలిలో దూది తేలుతూ వచ్చి మీసాలకు అంటుకునేది.

వజీరాబాద్ పేట చివర నందకిషోర్ కాకు, అంటే వాడి బాబాయి భార్య, విమలాబాయి ఇల్లు. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక పాత మోటారు ఉంది. పైకప్పు కాన్వాసుది, వెనక్కి మడిచేస్తే నెత్తిమీద ఆకాశమే. ఆమె భర్త రామదాస్ కాకా దాన్ని ప్రాణంలా చూసుకునేవాడట. తను తప్ప ఇంకొకరు స్టీరింగు ముట్టుకుంటే ఊరుకునేవాడు కాదట. పదకొండేళ్ళ కింద ఆయన జ్వరం వచ్చి పోయాడు. ఆ కర్మలు అయ్యాక మోటారు మళ్ళీ కదల్లేదు. కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్నాయి.

ఆ మోటారును బాగు చేయాలన్నది మా కోరిక కాదు, మారోతిది. మారోతి మాతో మిడిల్ స్కూలు దాకా చదివాడు. వాళ్ళది కుండల్‌వాడి దగ్గర పల్లె. పద్నాలుగో ఏట జ్వరం వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. నాగలి పట్టలేడు, బస్తా మోయలేడు. తల్లి ముత్తెమ్మ జిన్నింగు ఫ్యాక్టరీలో పత్తి ఏరి వాణ్ణి సాకుతోంది. వాడేమో పొద్దస్తమానం మోటారు గ్యారేజీ ముందు కూర్చుని, చూసి చూసి పని నేర్చాడు.

ధర్మాబాద్‌లో మోటారు సర్వీసు నడిపే శంకర్రావు వాడికి ఒక మాట ఇచ్చాడు. జనవరి ఒకటో తారీఖున నాందేడ్ వస్తాడు. ఆయన ముందు మోటారు నడిపి చూపిస్తే డ్రైవరు నౌకరీ మారోతిదే. లేకపోతే మేనమామ జొన్నచేలో మంచె మీద కూర్చుని పిట్టల్ని తోలుకుంటూ బతకాలి. ఇరవై ఏళ్ళవాడికి అంతకన్నా చావు లేదు. విమలాబాయి కాకు ఒప్పుకుంది. మా చేతిలో పన్నెండు రోజులున్నాయి.

చిక్కల్లా క్లచ్ పెడలుతో. అది మహా బిగువు. నేను బలమంతా పెట్టి తొక్కితే మోకాలు పట్టేసేది. దాన్ని తొక్కవలసింది ఎడమకాలితో.

మొదటిరోజు పనికి దిగకముందే ముత్తెమ్మ చిన్నమ్మ జొన్నరొట్టెల మూటతో వచ్చింది. మమ్మల్ని వేలుపెట్టి లెక్కపెట్టి మొహం చిట్లించింది.

"ముగ్గురే ఉన్నరా? ముగ్గురు గల్సి పని వడితే ఎట్ల అయితది బిడ్డా? తీన్ తిగాడా, కామ్ బిగాడా. ఒక రాయినన్న జతకు వెట్టుకోండ్రి, నలుగురైతరు."

మా వైపు ఇది అందరూ చేసేదే. పెళ్ళి మాటలకైనా, సర్కారు కచేరీ పనికైనా ముగ్గురు కలిసి బయల్దేరితే దారిలో ఒక గులకరాయి ఏరి జేబులో వేసుకుంటారు. అది నాలుగో మనిషి కింద లెక్క. పని అయ్యాక పారేస్తారు.

"రాయి ఈడనే ఉంది రా!" అన్నాడు నందకిషోర్. వెనక సీటు కిందికి చెయ్యి పెట్టి ఒక చిన్న మూట లాగాడు. మాసిపోయిన తెల్లగుడ్డ. విప్పితే అరచేతిలో ఇమిడేంత నల్లరాయి, నున్నగా ఉంది. చక్రానికి అడ్డం పెట్టే రాయేమో అనుకున్నాం. చక్రానికి అడ్డం పెట్టే రాయిని గుడ్డలో ఎవరు చుడతారని నాకు అనుమానం రాకపోలేదు. వచ్చింది. రొట్టెలు వేడిగా ఉన్నాయని ఊరుకున్నాను.

మారోతి ఆ రాయికి కుంకుమ బొట్టు పెట్టి, స్టీరింగు ముందున్న పలక మీద కూర్చోబెట్టాడు. చేతులు జోడించాడు.

"అన్నా, మాలో నాలుగోనివి నువ్వే. ఉత్తగ కూసుంటె నడువది మల్ల. అందరికొక పని ఉంది. నాకు ఎడమకాలు లేదు, ఆ కాలు పని నీది."

పగలబడి నవ్వాం. ముత్తెమ్మ కూడా నవ్వింది, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

మూడు రోజులు మామూలుగానే గడిచాయి. తుప్పు గీకాం, ప్లగ్గులు కిరసనాయిలులో నానబెట్టాం, ఎలుకల గూళ్ళు తీసి పారేశాం. నాలుగోరోజు పొద్దున షెడ్డు తెరిస్తే, ముందురోజు ముగ్గురం వేలాడినా ఊడని బోల్టు ఊడి, తుడిచి, సీటు మీద పెట్టి ఉంది.

మర్నాడు కాన్వాసు కప్పుకు పడిన చిరుగు కుట్టి ఉంది. చిన్న చిన్న కుట్లు, మూరెడు పొడవున. ఆ మర్నాడు రేడియేటరు నిండా నీళ్ళు.

షెడ్డు తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. కాకు ఇంట్లో రెండోది ఉంది, అది నందకిషోర్ చేతికి అందేదే. అంటే నందకిషోర్ రాత్రిపూట వచ్చి ఈ పని చేస్తున్నాడు. చేసి, పొద్దున్నే ఏమీ తెలియనట్టు నోరు తెరుస్తున్నాడు. ఎందుకు? మమ్మల్ని భయపెట్టి తరిమేసి మోటారు తనే ఉంచుకోవాలని. నా లెక్క ఇదీ. వాడేమో నా మీదే కన్నేశాడు.

"తాళంచెవి నీ మొలకే ఉంటది గద అంబాదాస్?" అన్నాడు ఒకనాడు, నవ్వుతూనే.

"అంటే ఏంది నీ మాట?"

"నేనేమన్న? గుమ్మడికాయల దొంగ అంటే నువ్వెందుకు భుజాలు తడుముకుంటవ్?"

ఆ రోజు సాయంత్రం తాళం వేశాక, తలుపు రెక్కల మధ్య అడ్డంగా ఒక దూదిపోగు మైనంతో అంటించాను. ఎవరికీ చెప్పలేదు. పొద్దున అందరికన్నా ముందు వెళ్ళి చూశాను. పోగు తెగలేదు. మంచుకు తడిసి, అంటించింది అంటించినట్టే ఉంది.

తలుపు తీశాను. లోపల ఏదో వాసన... నానిన నువ్వుల వాసన. దాని వెనకే నెయ్యిదీపం ఆర్పిన వాసన. మోటారు తలుపు తెరిచే ఉంది. క్లచ్ పెడలు మీద ముందురోజు గీకిన తుప్పు పొడి పలచగా పరుచుకుని ఉంది. ఆ పొడిలో ఒక పాదం గుర్తు. ఐదు వేళ్ళు, స్పష్టంగా. ఎడమ పాదం.

నందకిషోర్ రాగానే చెప్పు విప్పమన్నాను. వాడు విప్పనన్నాడు. మాట మాట పెరిగింది, కాలరు దాకా వచ్చింది. మేము అలా కుమ్ములాడుకుంటుంటే మారోతి కుంటుకుంటూ వచ్చి, పాతగుడ్డతో ఆ గుర్తు తుడిచేశాడు.

ఆ రోజు నా అనుమానం చోటు మారింది.

డిసెంబరు ముప్ఫైన మోటారు పలికింది. నందకిషోర్ హ్యాండిల్ కొడుతుంటే ఆరోసారికి దగ్గి, తుమ్మి, నల్లటి పొగ వదిలి అందుకుంది. కాకు వాకిట్లోకి పరిగెత్తుకొచ్చింది. అప్పటికే పొద్దు గుంకింది. ముందు దీపాలు పనిచేయడం లేదు. అయినా మారోతి ఆగలేదు. ఒక్కసారి వీధి చివరిదాకా వెళ్ళి వస్తామన్నాడు. విధవ హారతి పట్టకూడదంటారు; అయినా రాగానే తనే హారతి ఇస్తానంది కాకు.

మారోతి స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. వాడి పక్కన నేను, కాళ్ళ మధ్య లాంతరు పెట్టుకుని. వెనక నందకిషోర్. కప్పు వెనక్కి మడిచాం. చలి చెవులు కొరుకుతోంది. గోదావరి మీదినుంచి మంచు లేచి ఇళ్ళ మధ్యకు వస్తోంది. పిడకల పొగ, పచ్చి పత్తిగింజల వాసన. మోటారు మెత్తగా కదిలింది. క్లచ్ పడింది, గేరు పడింది, ఒక్క కుదుపు లేదు.

"క్లచ్ అల్కగైంది రా!" అన్నాను సంతోషంగా.

వాడి చూపు దారి మీదే ఉంది.

లాంతరు కొద్దిగా ఎత్తాను. వాడి కుడికాలు కింద ఉంది. ఎడమకాలు... సీటు మీద ఉంది. ఇంట్లో పీట మీద కూర్చున్నట్టు మడిచి పెట్టుకున్నాడు.

కింద పెడలు దానంతటదే లోపలికి పోయింది. ఆగింది. మెల్లగా పైకొచ్చింది.

"మారోతీ..." అన్నాను. "నీ కాలు..."

"తెల్సు."

"ఎప్పటి సంది?"

"నాలుగు దినాల సంది. నందుకు చెప్పకు. నీ కాల్మొక్త అంబాదాస్, ఒకటో తారీఖు దాంక నోరు మూసుకో."

వాడి కళ్ళనిండా నీళ్ళున్నాయి. భయమో, సంతోషమో చెప్పలేను. నాకు మాత్రం భయమే. దిగిపోదామనుకున్నాను.

వీధి చివర వచ్చింది. కుడివైపు తిరిగితే మళ్ళీ ఇల్లు.

"తిప్పు," అన్నాను.

"తిప్పుతున్న..."

వాడి చేతులు స్టీరింగును కుడికి లాగుతున్నాయి. నరాలు తేలాయి. స్టీరింగు ఎడమకు తిరిగింది. మోటారు పల్లంలోకి దిగింది. ఇళ్ళు అయిపోయాయి. దారి అయిపోయింది. చక్రాల కింద ఇసుక. వెనకనుంచి నందకిషోర్ "యాడికి రా? యాడికి?" అని అరుస్తున్నాడు. ఎదురుగా మంచు... మంచులో నీళ్ళ చప్పుడు. గోవర్ధన్ ఘాట్.

ముందు చక్రాలు నీళ్ళకు మూరెడు దూరంలో ఆగాయి. ఇంజను ఆగిపోయింది. పెడలు మాత్రం లోపలికి పోయింది... పైకొచ్చింది. మళ్ళీ పోయింది... మళ్ళీ వచ్చింది. ఎవరికోసమో ఎదురుచూస్తూ కాలు ఆడిస్తున్నట్టు. నువ్వుల వాసన గుప్పుమంది.

మారోతి రాయి మీదికి వంగాడు.

"ఇంటికి పోదాం అన్నా," అని గొణిగాడు. "కాకు దీపం పట్టుకొని చూస్తుంటది."

పెడలు ఆగింది.

నందకిషోర్ దిగి హ్యాండిల్ కొట్టాడు. ఒక్క దెబ్బకే అందుకుంది. వచ్చిన దారినే, ఒక్క తప్పు మలుపు లేకుండా ఇంటికి చేరాం.

కాకు హారతి పళ్ళెంతో వాకిట్లో నిలబడి ఉంది. దీపం తిప్పబోయి, పలక మీది రాయిని చూసింది. పళ్ళెం గడప మీద పెట్టి అక్కడే కూలబడింది.

"ఇది యాడ దొరికింది?"

"వెనక సీటు కింద, కాకూ. గుడ్డల చుట్టి ఉండె," అన్నాడు నందకిషోర్.

ఆమె మెల్లగా చెప్పింది. అది రామదాస్ కాకా జీవ్‌ఖడా. చితి దగ్గర నీళ్ళకుండకు చిల్లు పొడిచిన రాయి. పోయినవాళ్ళ జీవం పదిరోజులు ఆ రాతిలోనే ఉంటుందని మా ఇళ్ళలో నమ్మకం. రోజూ దానికి నువ్వులనీళ్ళు వదులుతారు. పదోనాడు భట్జీ, అంటే పురోహితుడు, పిండం పెట్టించాక గోదావరిలో వదిలేస్తారు. అంతటితో ఆ మనిషి వెళ్ళిపోతాడు.

"ఆ పదోనాడు మా ఇంటోళ్ళు ఈ మోటారులనే ఘాటుకు పోయిన్రు. ఆడ దిగి చూస్తె రాయి లేదు. ఎంత దేవులాడినా దొరకలే. భట్జీకి ఆలస్యమైతుందని ఒడ్డు మీద ఇంకో రాయి ఏరి, అదే ఇడిచిపెట్టి వచ్చిన్రు. నాతోటి ఒట్టు వెట్టిచ్చుకున్రు, ఎవ్వలికి చెప్పద్దని. పదకొండేండ్లు..." కాకు మారోతి వైపు తిరిగింది. "నువ్వు జతకు పిలిచినవా నాయనా? పని అప్పజెప్పినవా?"

మారోతి తలూపాడు.

"ఏం పని?"

"ఒక్క కాలు పని, బాయీ."

ఆమె వాడి మొహం చూడలేదు, ఎడమకాలి వైపే చూసింది.

"రేపు పొద్దుగాల్లనే భట్జీని పిలుస్త. నువ్వులనీళ్ళు ఇడిచి, చెప్పి పంపియ్యాలె. అంతదాంక దాన్ని ఎవ్వలు ముట్టకుండ్రి."

"రెండు దినాలు బాయీ! ఒకటో తారీఖు గడవనీ..." మారోతి ఏడ్చేశాడు. కాకు లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

ఇక్కడే నా బుద్ధి నన్ను ముంచింది. మారోతి ఆ రాయిని ఇవ్వడు, తెల్లారేలోపు ఎత్తుకుపోయి దాచేస్తాడు అని నాకు గట్టి అనుమానం. నాలుగు రోజులు మా దగ్గర దాచినవాడు ఇంకా దాచడా? నౌకరీ కోసం వాడు ఏమైనా చేస్తాడు. నేను ఆపకపోతే మనిషే దక్కడు. వాళ్ళిద్దరూ మోటారును షెడ్డులోకి నెడుతుంటే, నేను రాయి తీసి పంచెలో దోపుకుని చీకట్లోకి నడిచాను. స్నేహితుణ్ణి కాపాడుకుంటున్నాననే అనుకున్నాను.

ఘాటు దాకా పరుగెత్తాను. అంత చలిలోనూ రాయి వెచ్చగా ఉంది. నువ్వులు లేవు, భట్జీ లేడు, నాకు మంత్రం రాదు. "పో," అన్నాను. అంతే అన్నాను. బలం కొద్దీ నీళ్ళలోకి విసిరాను.

చప్పుడు కోసం చూశాను.

చప్పుడు కాలేదు.

వెనక్కి తిరిగి చూడకుండా వచ్చి మా ఇంట్లో పడుకున్నాను. మూడు దుప్పట్లు కప్పుకున్నా అరచెయ్యి మాత్రం వేడిగానే ఉంది.

పొద్దున కాకు ఇంటికి వెళ్ళేసరికి భట్జీ వచ్చి కూర్చున్నాడు. రాయి నేనే విసిరేశానని చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు. "మొక్కకుండ, చెప్పకుండ, ఇంట్లకెల్లి ఎల్లగొట్టినట్టు ఇడిస్తివా? యాడికి పోవాలె ఆ మనిషి?" అన్నాడు.

అప్పుడే సందు మొదట్లో మారోతి కనిపించాడు. నిటారుగా నడుచుకుంటూ వస్తున్నాడు. కుంటడం లేదు.

నందకిషోర్ ఎగిరి గంతేసి వాణ్ణి వాటేసుకున్నాడు. రాత్రి నిద్రలో కాలు పట్టు వదిలింది, పొద్దున్నే సత్తువ వచ్చింది అన్నాడు మారోతి. రాయి గురించి నన్ను ఒక్క మాట అడగలేదు. వాకిట్లోకి వచ్చి, కాకును చూసి చిన్నగా నవ్వాడు. తనకన్నా ముప్ఫై ఏళ్ళు చిన్నవాడి ముందు విమలాబాయి కాకు గబగబా కొంగు నెత్తిమీదికి లాక్కుని, తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయింది. మేము నాందేడ్‌లో ఉన్నన్నాళ్ళూ ఆమె మళ్ళీ బయటికి రాలేదు.

ఒకటో తారీఖున శంకర్రావు వచ్చాడు. మారోతి ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పాడు. ఇత్వారా సంత మధ్య, ఎడ్లబండ్ల సందుల్లోంచి, ఒక్క కోడికి కూడా తగలకుండా. పదేళ్ళుగా నడుపుతున్న చెయ్యి అన్నారు చూసినవాళ్ళు. "కుంటోడంటిరి గదయ్యా! నా డ్రైవర్లందరికి వీడే ఉస్తాదు," అన్నాడు శంకర్రావు. నౌకరీ అక్కడికక్కడే ఖాయమైంది. నందకిషోర్ పేడాలు పంచాడు. నేనూ ఒకటి తిన్నాను.

మూడో తారీఖున మా రైలు. ముత్తెమ్మ చిన్నమ్మ స్టేషనుకు వచ్చింది, దారిలో తినమని రొట్టెలు కట్టుకుని. కొత్త చీర కట్టుకుంది. కొడుక్కి కాలొచ్చింది, కొలువొచ్చింది. అంత సంతోషం మొహంలో ఉండాలి. లేదు. నందకిషోర్ నీళ్ళకని వెళ్ళినప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నువ్వు సదువుకున్నోనివి బిడ్డా. ఒకటి అడుగుత, నిజం చెప్పు."

"అడుగు చిన్నమ్మా."

"వాడు మంచిగనే ఉన్నడు. నా చేతుల పని గుంజుకొని చేస్తుండు. గట్టిగ మాట్లాడడు. గని..." చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "మూడు దినాల సంది బువ్వకు దక్షిణం దిక్కు మొకం వెట్టి కూసుంటుండు. ఇటు జరుగు కొడుకా అంటె ఇనడు. తల్లి సచ్చినోడు గద బిడ్డా అట్ల కూసునేది? నేను బతికే ఉన్న గద?"